నిలువుటద్దాల గదిలో నిద్ర

"అద్దాలకు పెండ పూసిందెవరు?"

రాజం గొంతు పెద్దగా లేవలేదు. లేవడానికి వీల్లేదు. మధ్య తలుపు అవతల, ఆ అద్దాలున్న గదిలోనే, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన అన్న నర్సింగం పడుకొని ఉన్నాడు. అందుకని రాజం కోపాన్నంతా పళ్ల మధ్య బిగపట్టి, పేడ అంటిన కుడిచేతిని వదిన అనసూర్య ముఖం ముందుకు చాచి అడిగాడు.

అనసూర్య పొయ్యి ముందునుంచి లేవలేదు.

"నేనే పూసిన. పొద్దుగాల వాకిట్ల సాన్పు చల్లంగ మిగిలింది. పారబోయ పానం ఒప్పలె."

"నీకేమన్న దయ్యం పట్టిందా వదినె?"

"పట్టింది. గోడలకు నువ్వు తగిలిచ్చినవ్ జూడు రెండు దయ్యాలు, అవే పట్టినయ్."

"మెల్లగ!"

"నేను మెల్లగనే అంటున్న. నువ్వే ఒర్రుతున్నవ్."

ఆ ఇంట్లో తగువు కూడా షిఫ్టు చూసుకొని పెట్టుకోవాలి. కంపెనీ క్వార్టరులో ఉన్నవే రెండు గదులు. ముందు గదిలో పొయ్యి, బియ్యం డబ్బా, దండెం మీది బట్టలు, వచ్చిపోయే చుట్టాలు. లోపలి గదికి మాత్రమే తలుపూ గడియా ఉన్నాయి. ఆ గది అన్నదీ కాదు, తమ్ముడిదీ కాదు, సైరన్‌ది. రాత్రి గనిలో దిగినవాడికి పగలు, పగలు దిగినవాడికి రాత్రి. రాజం పెళ్లయ్యాక కూడా అదే పద్ధతి నడిచింది. పొద్దున సైరన్ వినపడగానే కొత్త కోడలు పూలమ్మ పక్క దులిపి బయటికి వచ్చేది. కాసేపటికి నర్సింగం స్నానం చేసి వచ్చి అదే మంచం మీద వాలేవాడు. ఆ మంచం చల్లబడిన రోజు లేదు.

పోయిన నెల రాజం ఆ గదిని మార్చేశాడు. మంచిర్యాలలో ఒక బట్టల దుకాణం మూసేస్తుంటే వాళ్ల దగ్గర రెండు నిలువుటద్దాలు కొన్నాడు. టేకు చట్రాలతో మనిషికన్నా ఎత్తున్నాయి. పరుపులో చుట్టి, ఖాళీగా తిరిగి వచ్చే లారీ మీద తాను పక్కనే కూర్చొని పసిపిల్లల్లా తెచ్చుకున్నాడు. గోడలకు తెల్లసున్నం కొట్టించాడు. అద్దాలను ఎదురెదురుగా బిగించాడు. ఎన్నేళ్లుగానో కిటికీకి వేలాడుతున్న గోనెపట్టాను పీకి పారేసి గాజు పలక పెట్టించాడు. అంతే, ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటు లేని గది పెద్ద హాలైపోయింది. గదిలో గది, ఆ గదిలో మరో గది. కాలనీ ఆడవాళ్లందరూ వంతులవారీగా వచ్చి చూశారు. ఒకామె అద్దం ముందు నిలబడి పక్కకు తిరిగి, తన జడ ఎంతవరకు ఉందో జన్మలో మొదటిసారి చూసుకొని సిగ్గుపడింది. అనసూర్య కూడా ఆ రోజు అందరికీ చాయ్ పోసింది. మరిది ముచ్చట చూసి మురిసింది. ఇప్పుడు ఆ మురిపెం గుర్తొస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే రాత్రిపూట ఆ గది ఎంత అందమో, పగటిపూట అంత నరకం. కిటికీలోంచి పడ్డ ఎండ ఈ అద్దానికి తగిలి, ఆ అద్దంలోకి పోయి, అక్కడినుంచి సరాసరి నర్సింగం కళ్ల మీదికి వచ్చేది. అనసూర్య కిటికీకి మళ్లీ గోనె కట్టేది. రాజం విప్పేవాడు. కట్టి ఉంచిన రోజున కూడా తలుపు మీది జాలీలోంచి వచ్చే వెలుగు చాలు, గదంతా పట్టపగలే. తన చీరలు తెచ్చి అద్దాలకు కప్పింది. నున్నటి చట్రాల మీద అవి నిలవక జారిపడేవి. ఆ చప్పుడుకు నర్సింగం ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. నర్సింగంలాగే గనిలో హాలర్ యంత్రం నడిపే ఇంకొకతను దవాఖానలో పడి ఉండడంతో నెల పొడుగునా నర్సింగంకు రాత్రి డ్యూటీయే. నెల పొడుగునా ఆ మనిషి కంటినిండా నిద్రపోయింది లేదు.

"గోకితె గీతలు పడ్తయ్," అన్నాడు రాజం, చేతిని గోడకు రాసుకుంటూ. "ఎంత మోజుపడి తెచ్చిన్నో నీకు ఎర్కలేదా?"

"ఎర్కే. అందుకే ఇన్ని దినాలు నోరు మూసుకున్న."

"నాకు ఉన్నది గా గదొక్కటే గదా వదినె! గనిల దిగితె నడుము లేపుడుండది. డ్యూటీ మొత్తం వంగుడే. ఇంటికొస్తె ఈ గోడలు గూడ మీదికే వస్తయ్. ఈ పూలమ్మేమొ కమాన్‌పూర్‌ల ఇంత పెద్ద వాకిట్ల పెరిగిన పిల్ల. వచ్చిన మొదటి దినమే ఊపిరాడతలేదని ఏడ్సింది. గోడలు జరిపే తాకతు నాకు లేకపాయె. అద్దాలు పెట్టిన. అది తప్పా?"

అది తప్పని అనసూర్యకూ అనిపించలేదు. అందుకే ఆమెకు ఇంకా మంట పుట్టింది. ఎదుటివాడి మాటలో న్యాయం కనిపించినప్పుడు వచ్చే కోపానికి అడ్డూ ఆపూ ఉండదు.

"నీ పెండ్లాం ఊపిరి కోసం నా మొగని నిద్ర తీస్తవా?"

"నిద్ర, నిద్ర! ఈ లైనుల రాత్రి డ్యూటోళ్లు ఎవ్వలు పండుకుంటలేరా? ముసుగు తన్ని పండుకొమ్మను. అసలు సంగతి అది గాదు వదినె. నీ పెండ్లినాడు నీకిట్లాంటి గది లేకపాయె. గా కుళ్లు."

మూలన చాటలో బియ్యం చెరుగుతున్న పూలమ్మ చెయ్యి ఆగింది.

అనసూర్య లేచి నిలబడింది. ఈ రాజంకు పదేళ్లప్పుడు తల్లి పోతే తలకు నూనె పెట్టింది తను. గనిలో పని ఇప్పించమని మొగుడి కాళ్లా వేళ్లా పడ్డది తను. పెళ్లి చూపులకు పోయింది తను, పూలమ్మ మెడలో పుస్తె కట్టేటప్పుడు వెనక నిలబడి ఏడ్చింది తను. కుళ్లట! నోటికొచ్చిన మాటను ఆపుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

"కుళ్లా? ఇను మరి. మీ అన్న కుర్చీల కూసున్న కాడనే కునుకుతున్నడు. మొన్న పక్కింటి గట్టయ్య టబ్బుల కింద పడబోయి సావు తప్పిచ్చుకున్నడు గదా? గంట తీగ పాడైందని గని మొత్తం అనుకుంటున్నరు. తీగ మంచిగనే ఉన్నది. గంట మోగింది. మీ అన్నకు ఇనరాలె."

రాజం మధ్య తలుపువైపు చూశాడు.

అర్థం కావడానికి అతనికి ఎక్కువసేపు అక్కరలేదు. గని లోపలి ఏటవాలు దారి మీద బొగ్గు టబ్బులను ఇనుపతాడుతో లాగే యంత్రం హాలర్. దాని మీద కూర్చునేవాడికి కిందివాళ్లు కనబడరు. చీకట్లో తాడు చివర ఎవరున్నారో, ఎక్కడున్నారో అతనికి చెప్పేది గంట ఒక్కటే. కిందివాడు గంట కొడితే ఆపాలి. ఆపలేదంటే టబ్బులు పోతూనే ఉంటాయి. గట్టయ్య ఆ రాత్రి గోడలో ఉన్న గూటిలోకి దూకబట్టి బతికాడు.

అనసూర్య తన మాట తనకే వినపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడు ఆమె ఒక్కదానితో చెప్పుకున్న మాట అది.

పొయ్యి మీద పప్పు పొంగి బొగ్గుల మీద పడి చుయ్యిమంది. దింపడానికి ఎవరూ కదలలేదు.

చివరికి మాట్లాడింది పూలమ్మ. కాపురానికి వచ్చిన దగ్గరనుంచీ ఆ పిల్ల ఈ ఇంట్లో గొంతెత్తింది లేదు. మొగుడివైపు చూసి అడిగింది.

"మస్టరు ఆపీసు కాడికి పోయొచ్చినవ్ గదా. ఏం చెప్పిన్రు?"

రాజం నేలచూపులు చూశాడు. షిఫ్టు మారుతోందని ఇవాళ అతనికి పగటి డ్యూటీ లేదు. కొత్త పని ఎక్కడో తెలుసుకొని రావడానికే మధ్యాహ్నం వెళ్లాడు.

"ఇయ్యాల రాత్రి సంది... గట్టయ్య కాడ. టబ్బులు తగిలిచ్చే పనికేసిన్రు."

"బావ తాడు కిందనేనా?"

రాజం తలూపాడు. పూలమ్మ చాట పక్కన పెట్టి లేచింది. చేతికి అంటిన తవుడు దులుపుకోలేదు.

"అక్కా, అద్దాలు పెట్టుమని నేను అడగలె. నాకు రాత్రి లేస్తె అండ్ల నలుగురు పూలమ్మలు కనవడి భయమే అయితది. ఇప్పుడే దింపిస్త. పలగ్గొట్టుమన్నా పలగ్గొడ్త. గాని దింపితె ఏమైతది? పొద్దూకే యాళ్లకు బావకు నెల దినాల నిద్ర వస్తదా?"

"రాదు," అంది అనసూర్య.

"మరి బావను ఆపు."

"మాట ఇనే మనిషా మీ బావ?"

"నువ్వు ఆపకుంటె ఈయనను నేను గడప దాటనియ్య. ఎందుకు దాటనిస్తలేవే అని నలుగురు అడుగుతరు. నేను అబద్ధమాడ."

"నా ఇంట్ల నిలవడి నన్నే బెదిరిస్తున్నవా?"

"బెదిరిస్తలేను అక్క. నాకు భయమైతున్నది." ఆ పిల్ల కళ్లలో మాత్రం నీళ్లు లేవు. "నీకు గాలేదా? తెల్సినంక గూడ సద్ది డబ్బ గట్టి పంపినవ్ గదా బావను?"

అనసూర్యకు ఆ పిల్ల నోరు అక్కడే మూయించాలనిపించింది. పప్పు దింపి, మధ్య తలుపు తోసుకొని లోపలికి పోయింది.

నర్సింగం మంచం మీద కూర్చొని ఉన్నాడు. పేడ అప్పుడే ఎండి చారలు చారలుగా పగిలింది. ఆమె వేళ్లు ఎక్కడ తగిలాయో, ఎక్కడ తగల్లేదో తెలుస్తూనే ఉంది. తగలని చోట అద్దం ముక్కలు ముక్కలుగా మెరుస్తోంది. ఒక ముక్కలో ఆయన మోచెయ్యి, ఇంకొక ముక్కలో ఎర్రగా ఉన్న కన్ను. ఎంత కోపంతో పూసినా పని సగమే అయిందని అనసూర్యకు అప్పుడు అర్థమైంది.

"ఇన్నవా?" అంది.

"గుసగుసలు గోడలకు ఆగుతయా?"

"ఇయ్యాల నాగ పెట్టు. డ్యూటీకి పోకు."

"పెడితె నా కుర్చీల ఎవ్వడు కూసుంటడు? చేతగానోన్ని ఎవ్వన్నో తెచ్చి కూసోబెడ్తరు."

"చేతగానోడు మెలకువతోనన్న ఉంటడు."

ఆయన చురుక్కుమన్నట్టు చూశాడు. మామూలు రోజైతే ఆ చూపుకు ఆమె తలుపు దాటేది. ఇవాళ కదల్లేదు.

"ఒక్కసారి కన్నంటుకుంటె ఇంత రాద్ధాంతమా?"

"ఒక్కసారేనా?"

నర్సింగం తువ్వాల తీసుకొని ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం ఎంతకూ పూర్తికాలేదు. అనసూర్య గోడకు ఆనుకుంది. వీపుకు చల్లగా అద్దం తగిలింది.

"ఎన్నిసార్లు?"

"మొదట్ల ఈ అద్దాలతోనే నిద్ర చెడింది," అన్నాడాయన, ఆమె అడిగినదాన్ని వదిలేసి. "ఇప్పుడు అద్దాలతోని గాదు. నువ్వు వీటికి పెండ పూసినా, తారు పూసినా నిద్ర రాదు. కన్ను మూస్తె గట్టయ్య కేక ఇనవడ్తది. ఆపు అన్నా, ఆపు అన్నా అని. ఆ కేక దారి పొడుగునా మోగి పైకొస్తెనే ఆ రాత్రి నాకు సోయొచ్చింది."

"గట్లయితె పోయి చెప్పు. తప్పైందని చెప్పు."

"చెప్తె?"

"చెప్తె గుండె బరువన్న దిగుతది."

"గుండె బరువు దిగుతది, నెత్తి మీద తట్ట ఎక్కుతది. హాలర్ మీదికెళ్లి దింపి, ఈ వయసుల బొగ్గు మోయమంటరు. ఈ నడుముతోని మోస్తనా? హాలర్ నర్సింగం అంటరే నన్ను. నా పేరట్ల పిలిస్తెనే పలుకుత."

"గట్టయ్య పెండ్లాం బొట్టు కన్న పెద్దదా నీ పేరు?"

"నోరు మూస్కో."

"మూసుకున్న. ఇన్ని దినాలు మూసుకున్న. నువ్వు చెప్పకుంటె నేనే చెప్త."

నర్సింగం గొంతు ఒక్కసారిగా లేచింది. పగటిపూట ఆ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడడం నెలలో అదే మొదటిసారి.

"చెప్పినంక నా ఎదుట నిలవడకు అనసూర్యా! చెప్తున్న!"

ఆమె తలుపు తీసుకొని వచ్చేసింది. ముందు గదిలో రాజం గోడకు తల ఆనించి కూర్చున్నాడు. పూలమ్మ అతని కాళ్ల దగ్గర, గడపకు అడ్డంగా కూర్చుంది. అనసూర్య ఆ పిల్లను దాటుకొని వాకిట్లోకి, వాకిట్లోంచి సందులోకి నడిచింది. చెప్పులు వేసుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

సాయంత్రం నల్లా వచ్చే వేళ. కాలనీ బిందెలన్నీ వరసలో ఉన్నాయి. నల్లా కింద బిందె పట్టుకొని గట్టయ్య పెళ్లాం పోశవ్వ వంగి ఉంది. పక్కింటి మనిషి. ఉప్పు, కారం, కష్టం, సుఖం అన్నీ ఆ గోడ మీదుగా ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు. అనసూర్య ఎంత ఆలస్యంగా వచ్చినా ఆమె బిందెకు తన ముందు చోటు పట్టి ఉంచేది.

"రా అక్కా, రా. నీ బిందేది?"

"బిందె తేలే."

"మరి?"

ఇన్ని ముఖాలు తనవైపు తిరుగుతాయని ఆమె అనుకోలేదు. వాళ్లలో సగం మంది మొగవాళ్లు రాత్రికి ఆ దారినే దిగుతారు.

"మా ఆయనకు నిద్ర లేదు," అంది. "శాన దినాల సంది లేదు. నాగ పెట్టుమంటె పెడ్తలేడు. ఇయ్యాల రాత్రి మీ మొగోళ్లను ఆయన తాడు కిందికి దిగనియ్యకుండ్రి. మా రాజంను గూడ మేము పంపుతలేము."

వరసలో ఉన్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నిద్ర లేకుంటె ఏమైతది?" అందొక ఆమె, తెలిసీ అడుగుతున్నట్టు.

"ఏమైతదో మీకు నేను చెప్పాల్నా?"

పోశవ్వ బిందె వదిలి వచ్చి అనసూర్య చెయ్యి పట్టుకుంది. "ఇంతదానికి ఇంత పరేషాన్ ఎందుకక్క? నువ్వు చెప్పుడు మంచిగైంది. మా ఆయనతోని నేను అనిపిస్త. షిఫ్టు చూసే ఓవర్‌మన్‌కు చెప్పి ఒక్క దినం వేరేటోన్ని కూసోబెట్టుమంటడు. అన్నకు గూడ మాట రాకుంట చూస్తరు. ఇంత మంచి మనసు ఎవ్వలకుంటది?"

ఆ మెచ్చుకోలు అనసూర్య ఒంటికి కారంలా తగిలింది. చెప్పినది సగం. మిగిలిన సగం నాలుక మీదే ఉంది. చెప్పెయ్యాలి. పోశవ్వ ఇంకా చెయ్యి పట్టుకొనే ఉంది. ఆ చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాక చెబుదామనుకుంది. ఆపాటికే ఆలస్యమైంది.

"చెప్పినవా?"

సందు మలుపులో నర్సింగం నిలబడి ఉన్నాడు. బనీను, లుంగీ, చెదిరిన జుట్టు. ఆ ఎర్రటి కళ్లను చూసి ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు జరిగారు.

"చెప్పిన," అంది అనసూర్య.

"మంచిగ చెప్పినవ్. రాజం పేరు పడంగనే నోరు లేచింది." ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "మరి ఆ రాత్రి నేను కునికి గంట ఇనలేదని నీకు తెల్లారే చెప్పిన గదా? గట్టయ్య రోజూ అదే తాడు కిందికి దిగుతుంటె ఈ నోరు ఏడ పెట్టుకున్నవ్? నేను కుర్చీ కోసం దాచిన. నేను పాపిష్టోన్నే. నువ్వెందుకు దాచినవ్?"

నల్లా కింద బిందె నిండి పొర్లుతోంది. పోశవ్వ దానివైపు చూడలేదు. పట్టుకున్న చేతిని మెల్లగా వదిలేసింది.

"గంట తీగ పాడైందన్నరు గదా అన్నా?" అంది నర్సింగంతో.

ఆయన తల దించుకున్నాడు.

పోశవ్వ అనసూర్యవైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం ఇంకా రాలేదు. అర్థం చేసుకోవాలన్న తాపత్రయం ఒక్కటే ఉంది.

"మా ఆయన పానం దక్కిందని ఎల్లమ్మకు కొబ్బరికాయ కొట్టిన. మొదటి ముక్క తెచ్చి నీ చేతుల పెట్టిన. ఏడ్సుకుంట పెట్టిన. నువ్వు నా ఈపు నిమిరినవ్. నాకొక్కటే చెప్పక్క. ఆ ముక్క తినేటప్పుడు నీకు తెల్సా?"

అబద్ధం చెప్పడానికి అప్పటికీ చోటుంది. నర్సింగం కూడా కాదనడు. అనసూర్య ఆమె కళ్లలోకి చూసింది.

"తెల్సు."

పోశవ్వ చెయ్యి అనసూర్య మీదికి లేచింది. నల్లా దగ్గర అంతమంది ఉన్నారు. ఆ చెయ్యి పట్టుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.